వీరజవాను ముందు బండి నడపడమంటే

2020 నవంబరు 8న కశ్మీర్‌లోని మచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులను అడ్డుకుంటూ నలుగురు ప్రాణాలిచ్చారు. కెప్టెన్ అశుతోష్ కుమార్, చిత్తూరు జిల్లాకు చెందిన హవిల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి, బీఎస్‌ఎఫ్ కానిస్టేబుల్ సుదీప్ సర్కార్, మా నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లి బిడ్డ ర్యాడ మహేశ్. ఆ కబురు వచ్చిన రోజు నా షెడ్డులో స్పానర్ కదల్లేదు. అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఏ ఊరి జవాను పార్థివదేహం వస్తున్నా నేను, నాతో పాటు కొందరు కుర్రాళ్లు బండ్లు తీస్తాం.

నేను బైక్ మెకానిక్‌ని. మా నాన్న బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ కార్మికుడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇళ్లల్లో ఎక్కువగా వినబడ్డ మాటలు రెండు: గల్ఫ్, మిలిటరీ. సెలెక్షన్ల కోసం చీకటితోనే పరుగు తీసే పోరగాండ్లు నా షెడ్డు ముందు నుంచే పోతారు. అందుకే జవాను అంటే మాకు పక్కింటి పిల్లగాడే.

దేహం విమానంలో హకీంపేటకో, శంషాబాద్‌కో చేరుతుంది. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కామారెడ్డి, డిచ్‌పల్లి మీదుగా వస్తుంది. ఊరు దగ్గరపడ్డాక ఏదో ఒక క్రాస్ రోడ్డు దగ్గర మేం కలుస్తాం. ముందు పోలీసు పైలట్, తర్వాత రెండు వరుసల్లో మా బండ్లు, వెనక పూలతో అలంకరించిన మిలిటరీ వాహనం, దాన్ని అంటిపెట్టుకొని కుటుంబం బండి. మిలిటరీ వాహనానికి, మాకు మధ్య ఖాళీ వదలాల్సిందే. ఊళ్లల్లో ఆడవాళ్లు పూలతో రోడ్డు మీదికి వస్తారు. ముసలివాళ్లు దండం పెడుతూ నిలబడతారు. వాళ్లు ఆ వాహనం దగ్గరికి రావడానికి దారి ఉండాలి.

వేగం ఇరవై దాటకూడదు. గాలి తగలక ఇంజన్ కాగిపోతుంది. కుర్రాళ్లు హాఫ్ క్లచ్ మీదే నడుపుతారు కాబట్టి క్లచ్ ప్లేట్లు మాడిన వాసన వస్తుంది. అందుకే ముందురోజు రాత్రి షెడ్డు దగ్గర ఒక్కో బండీ చూస్తాను. క్లచ్ కేబుల్ పోగులు తెగి ఉంటే మార్చేస్తాను. చైను వదులుగా ఉంటే నెమ్మదిగా నడిపేటప్పుడు బండి కొట్టుకుంటుంది, బిగిస్తాను. మోత సైలెన్సర్ ఉన్న బండిని ఎవరిదైనా సరే వెనక్కి పంపుతాను. నేను అందరికన్నా చివర ఉంటాను. డిక్కీలో కేబుళ్లు, ప్లగ్గులు, సీసాలో పెట్రోలు. బండి ఆగిపోతే నడిరోడ్డు మీద కిక్కులు కొట్టొద్దు, పక్కకు తోసెయ్యాలి, మిగతా సంగతి నేను చూసుకుంటాను.

జెండా విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటాం. 2002 నాటి జాతీయ పతాక నియమావళి ప్రకారం వాహనం మీద, పక్కల, వెనక జెండా పరచకూడదు. ట్యాంకుకు చుట్టడం, భుజాన కప్పుకోవడం మా దగ్గర కుదరదు. వెనక కూర్చున్నవాడు కర్రను నిటారుగా పట్టుకోవాలి, చెయ్యి నొప్పిపుడితే పక్కవాడికి అందించాలి. శవపేటిక మీద కప్పే జెండాలో కాషాయం తల వైపు ఉంటుంది. దాన్ని చితిలో కాల్చరు, గోతిలో దించరు. మడతపెట్టి ఇంటివాళ్ల చేతికిస్తారు. ఆ గౌరవం ముందు నడిచేవాళ్లం మేం కూడా దానికి తగ్గట్టుండాలి కదా!

అమెరికాలో ఇదే పని చేసే పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అనే సంఘం ఉంది. 2005లో కాన్సాస్ రాష్ట్రంలో మొదలైంది. సైనికుల అంత్యక్రియల దగ్గర గొడవ చేయడానికి వచ్చినవాళ్లు కుటుంబానికి కనబడకుండా వీళ్లు జెండాలు పట్టుకొని అడ్డంగా నిలబడ్డారు. కుటుంబం పిలిస్తేనే వెళ్తారు. ఆ నియమం నాకు చాలా నచ్చింది. మేం కూడా ముందు ఊరి పెద్దలతో మాట్లాడిస్తాం. ఇంటివాళ్లు వద్దంటే బండి తీయం.

ఊరి పొలిమేర దగ్గర మా పని అయిపోతుంది. ఒక ఊళ్లో ఓ పెద్దాయన నా హ్యాండిల్ మీద చెయ్యేసి, "తమ్మీ, బండ్లు గీడనే ఆపుండ్రి. ఊర్లకు మేం మోసుకపోతం" అన్నాడు. ఇంజన్లన్నీ ఆపేసి, చెప్పులు చేతబట్టుకొని వెనక నడిచాం. గాల్లోకి కాల్పులు, బిగిల్ అయ్యేదాకా ఎవరూ ఫోన్ తీయలేదు.

ఆ తర్వాత చేయగలిగింది ఇంకోటి ఉంది. సెలవులకొచ్చినప్పుడు జవాను నడిపే బండి చాలా ఇళ్లల్లో కవరు కింద పడి ఉంటుంది. బ్యాటరీ దిగిపోయి, కార్బురేటర్‌లో పెట్రోలు జిగటగా మారి ఉంటుంది. నెలా రెణ్నెల్లయ్యాక ఇంటివాళ్లను అడిగి, ఒప్పుకుంటే దాన్ని బాగుచేసి ఇస్తాను. పైసలు తీసుకోను. పెన్షన్ కాగితాల కోసం నిజామాబాద్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయానికి తిరగడానికి ఆ ఇంటికి బండి కావాలి.

మాతో వస్తామనే కుర్రాళ్లకు నేను చెప్పేదిదే: ఇది ఎన్నికల ర్యాలీ కాదు. హెల్మెట్ పెట్టుకో, ట్యాంకు నింపుకో, నోరు కట్టుకో. ఆ తల్లి చూపు మన బండి మీద పడకుండా, కొడుకు ఉన్న వాహనం మీదే నిలిచిందంటే మనం సరిగ్గా నడిపినట్టు.