తొట్టి చెప్పే ఊరి పేరు

విజయవాడ ఆటోనగర్‌కు వచ్చే చిన్న ట్రక్కుల వెనక తొట్టి చూస్తే కృష్ణా డెల్టా భూగోళం తెలిసిపోతుంది. తుప్పుకు మందు మాత్రం షెడ్డులో కన్నా నీళ్ల పంపు దగ్గరే ఎక్కువగా ఉంది

ఉదయం తొమ్మిది దాటిందంటే ఆటోనగర్‌లో మనిషి మాట మనిషికి వినపడదు. సుత్తి దెబ్బలు, గ్రైండర్ కీచు, వెల్డింగ్ చిటపటలు. ఒక సందులో రేడియేటర్లు, మరో సందులో కమాన్‌పట్టాలు, ఆ పక్కన టింకరింగ్. 1960లలో విజయవాడకు దూరంగా, బందరు రోడ్డు పక్కన వెలసిన ఈ పేటను నగరం ఎప్పుడో చుట్టేసింది. కోల్‌కతా నుంచి చెన్నైకి, పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నానికి వెళ్లే జాతీయ రహదారులు కలిసే ఊరు కావడంతో, లారీకి బాడీ కట్టించాలన్నా, విరిగిన ఛాసిస్ అతికించాలన్నా దారి ఇటే.

పెద్ద లారీల మధ్య ఇరుక్కుని నిలబడే చిన్న ట్రక్కులు ఇక్కడికి కాస్త ఆలస్యంగా వచ్చిన చుట్టాలు. 2005లో టాటా ఏస్ రంగంలోకి దిగాక, ఆ వెనకే మరికొన్ని కంపెనీల పికప్‌లు పల్లె రోడ్లెక్కాక, ఒక కొత్త యజమాని పుట్టుకొచ్చాడు. ఒకే బండి, తనే డ్రైవరు, నెలనెలా ఫైనాన్స్ వాయిదా. అతని పెట్టుబడి మొత్తం దాదాపు ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పున్న ఒక ఇనుప తొట్టి మీద ఆధారపడి ఉంటుంది. ఇంజన్ మొరాయిస్తే ఆ రోజే తెలుస్తుంది. తొట్టి మాత్రం చప్పుడు లేకుండా పోతుంది.

అనుభవమున్న మేస్త్రీ బండి ఏ ఊరిదని అడగడు. వంగి అడుగు భాగం చూస్తాడు. వెనక తలుపు కీళ్ల దగ్గర, మూలల్లో రేకు పొరలు పొరలుగా లేచి ఉంటే అది చేపల బండి. కైకలూరు చెరువుల నుంచో, బందరు రేవు నుంచో ఐసు ట్రేలు మోసి ఉంటుంది. నడిమధ్యన రంగు అరిగి రేకు తళతళలాడుతుంటే ఇసుక, కంకర తోలినది. చిల్లుల్లాంటి మచ్చలు అక్కడక్కడా లోతుగా దిగి ఉంటే ఎరువుల బస్తాల మీద అనుమానం. మూలల్లో గట్టిపడిన బూడిదరంగు ముద్దలుంటే సిమెంటు.

వీటన్నిటిలో ఉప్పుదే పెద్ద పాపం. ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. అందులో ఉప్పు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు చురుగ్గా సాగుతుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ట్రేల కింద కారిన నీరు ఎండిపోయినా ఆ ఉప్పు అక్కడే ఉంటుంది. వానాకాలం వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుంటుంది. కోస్తాలో చాలా రాత్రులు అలాంటివే. అంటే యజమాని నిద్రపోతున్నప్పుడు కూడా తుప్పు పని చేస్తూనే ఉంటుంది. రైతులు వాడే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే. ఉప్పుకు తోబుట్టువు. చిరిగిన బస్తా నుంచి రాలిన గుప్పెడు చాలు.

చిత్రమేమిటంటే, బండిని కాపాడాలని చేసే పనులే తరచు దాన్ని చంపుతాయి. కొత్త బండి కొనగానే రంగు పోకుండా రబ్బరు మ్యాటో, ప్లాస్టిక్ షీటో, గోనెపట్టాలో పరచడం అలవాటు. దెబ్బల నుంచి, గీతల నుంచి మ్యాట్ నిజంగానే కాపాడుతుంది. కానీ దాని కిందికి చేరిన నీరు బయటికి రాదు. కదిలినప్పుడల్లా మధ్యలో చిక్కిన ఇసుక రంగును గరుకు కాగితంలా అరగదీస్తుంది. నాలుగేళ్లు కదపని మ్యాట్ లేపితే కింద రేకు బదులు ఎర్రటి పెళ్లలు కనిపిస్తాయి. మ్యాట్ వేయడం తప్పు కాదు, తీయకపోవడం తప్పు. తొట్టి మూలల్లో నీరు పోయేందుకు ఉండే కన్నాలదీ అదే కథ. గడ్డి, పొలుసులు, మట్టి చేరి అవి మూసుకుపోయిన రోజు తొట్టి చెరువవుతుంది.

తుప్పు పట్టాక ఆటోనగర్‌లో దొరికే వైద్యం రకరకాలు. అందరూ ముందు అడిగేది గీతల ఉబ్బులుండే చెకర్ ప్లేటు. పాత రేకు మీదే దాన్ని పరిచి నాలుగు చోట్ల వెల్డింగ్ పెడితే మధ్యాహ్నానికల్లా బండి సిద్ధం. చూపుకు దిట్టంగా ఉంటుంది. లెక్క వేస్తే కథ మారుతుంది. ఆ తొట్టికి మూడు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు దాదాపు 80 కిలోలు తూగుతుంది. తొలి టాటా ఏస్ మోయాల్సిన బరువే ముప్పావు టన్ను. అంటే ప్రతి ట్రిప్పులో పదో వంతు కిరాయి లేని సరుకే. పైగా రెండు రేకుల మధ్య చేరిన ఉప్పునీరు కంటికి కనిపించకుండా కింది రేకును తినేస్తుంది. చివరికి అడ్డపట్టీలు కూడా పుచ్చిపోతాయి.

అదే మందంలో అల్యూమినియం ప్లేటు 27 కిలోలకు మించదు. కానీ ఉప్పునీటి సమక్షంలో ఇనుమును తాకితే అల్యూమినియమే ముందు కరిగిపోతుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేసి, బోల్టులకు వాషర్లు వాడితే తప్ప లాభం లేదు. విదేశాల్లో పికప్‌లకు పాలీయూరియా వంటి గట్టి పూతను తొట్టి అంతటా పిచికారీ చేస్తారు. అది రేకును అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి నీరు దూరదు. కానీ కింద తుప్పును పూర్తిగా తీయకుండా కొడితే అదీ పొక్కులు లేస్తుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పైపూత ఎంత ఖరీదైనదైనా దాన్ని ఎత్తిపడేస్తుంది.

నికరమైన మరమ్మతు నెమ్మదిగా సాగుతుంది. పుచ్చిన భాగాన్ని కోసి పారేయాలి. మెరిసే ఇనుము బయటపడేదాకా రుద్దాలి. ఉప్పు పోయేలా కడిగి ఆరబెట్టాలి. కొత్త ముక్క అతికి, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ కొట్టాలి. ఇనుము కన్నా ముందు తానే హరించుకుపోవడం జింకు స్వభావం. ఆపైన ఎపాక్సీ, దాని మీద రంగు. వెల్డింగ్ అతుకుల్లో సీలెంట్ పెట్టాలి. ఇందులో ఏ మెట్టు తప్పినా ఆర్నెల్లలో బండి మళ్లీ వస్తుంది. ఆలోగా పని చేసినవాడి ఒంటికీ ఖర్చుంటుంది. జింకు పూత ఉన్న రేకును మాస్కు లేకుండా వెల్డింగ్ చేస్తే ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. పిచికారీ రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇంత ఓపిక యజమానికి ఎక్కడిది? బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ కిరాయి పోయినట్టే. వాయిదా మాత్రం ఆగదు. అందుకే "ఎన్నాళ్లు వస్తుంది మేస్త్రీ?" అని కాక "ఎప్పుడిస్తావు?" అనే అడుగుతాడు. రవాణా వాహనానికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పరీక్ష దగ్గరపడితే పుట్టీ, రంగుతో గండం గట్టెక్కించే పని ఊపందుకుంటుంది. రంగు కింద తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

అసలు మందు ఇంతకన్నా చవక. సరుకు దించగానే తొట్టిని మంచినీళ్లతో కడగడం, వారానికోసారి మ్యాట్ ఎత్తి ఎండబెట్టడం, కన్నాలు పొడవడం, గీత పడిన చోట ఆ వారమే ప్రైమర్ చుక్క పెట్టడం. కానీ డెల్టా చివర మంచినీళ్లే చవక కాదు. బందరు తీరంలో, కైకలూరు వైపు చాలా చోట్ల బోరు నీరే ఉప్పన. దాంతో కడిగితే ఉప్పును ఉప్పుతో తుడిచినట్టే. ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరే కాలువల్లో తియ్యటి నీరుంది నిజమే. అయితే అదే నీరు దిగువ పల్లెల మంచినీటి చెరువులను నింపుతుంది. అక్కడ చేపల తొట్టి కడగడం ఎవరూ మెచ్చని పని.

అందుకే సరుకు దించి తిరుగు ప్రయాణం కట్టే చేపల బండ్లకు విజయవాడ మరో రకంగానూ పనికొస్తుంది. ఇక్కడి వాటర్ సర్వీసింగ్ షెడ్డులో పావుగంట ఆగితే చాలు, పైపు ధారకు మూలల్లోంచి పొలుసులు, ఐసు ముక్కలు, ఉప్పు కొట్టుకుపోతాయి. నీళ్లు ఓడుతూ వెళ్లే అలాంటి బండికి మేస్త్రీతో ఇప్పట్లో పని పడదు.