కాలవగట్టు కబుర్లు – 23: పద్నాలుగో స్లైడు



"మీరు శిక్షణలిస్తుంటారు కదా, పెద్దవయసు వాళ్లకి పని దగ్గర నేర్పడం ఎలాగో రాయండి" అని కొందరు అడిగారు. రాస్తాను. కాకపోతే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా డెల్టాలో ఒక మున్సిపాలిటీ వాళ్లు నన్ను పిలిచారు. పారిశుధ్య కార్మికులకి భద్రత మీద రెండు గంటల శిక్షణ. నలభై మంది. తెల్లారగట్ల నాలుగింటికి చీపురు పట్టినవాళ్లు పదకొండింటికి డ్యూటీ దిగి, స్నానమైనా చెయ్యకుండా నేరుగా హాల్లోకొచ్చి కూర్చున్నారు. ఫ్యాను గాలి తగలగానే సగంమందికి కునికిపాట్లు. నేను ఇరవై రెండు స్లైడ్లు వేశాను. చట్టం, సెక్షన్లు, విషవాయువులు, రక్షణ పరికరాలు. చివర్లో "డౌట్లేమైనా ఉన్నాయా?" అన్నాను. ఒక్కరూ మాట్లాడలేదు. అందరికీ అర్థమైందనుకున్నాను. రిజిస్టర్లో సంతకాలు, వేలిముద్రలు, పులిహోర పొట్లాలు, గ్రూపు ఫోటో. ఆ ఫోటో నా గోడ మీదే పెట్టుకున్నాను. మీలో చాలామంది మెచ్చుకున్నారు కూడా.

రెండు నెలలు తిరగలేదు. ఆ ఫోటోలో ముందు వరసలో ఉన్న తమ్ముడొకడు, బయటి మేస్త్రి పిలిస్తే ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు దగ్గరికెళ్లాడు. మన నేల సంగతి తెలిసిందే, వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్లు. ట్యాంకులు ఊరికే నిండిపోతాయి. దిగినవాడు పడిపోయాడు. వాడి కోసం బావమరిది దిగి, వాడూ పడిపోయాడు. ఇద్దరూ మూత దగ్గరే పడబట్టి, పైనున్నవాళ్లకి చొక్కాలంది లాగగలిగారు. బతికారు.

ఆస్పత్రిలో ఆ తమ్ముడన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మూత తీసినప్పుడు కుళ్లిన గుడ్ల కంపండి అన్నయ్యా. కాసేపాగాం. తర్వాత కంపు తగ్గిపోయిందండి. గాలి తిరిగిందనుకుని దిగానండి, ఆయ్."

కంపు తగ్గలేదు. వాడి ముక్కు పనిచెయ్యడం మానేసింది. హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అంటే కంపు పోయిన క్షణమే అసలు ప్రమాదం. ఇది నా స్లైడ్లలో ఉంది. పద్నాలుగోది. ఇంగ్లీషు అక్షరాల్లో, రసాయన గుర్తులతో. ఆ ఒక్క ముక్క చాలు వాణ్ని ఆపడానికి. దాన్ని నేను ఇరవై ఒక్క స్లైడ్ల మధ్య పాతిపెట్టాను.

ఆ రాత్రి మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ ఊడ్పుల ముఠాలో పనిచేసింది, సార్వాకీ దాళ్వాకీ. ప్రభుత్వ కాగితాల్లో ఆమె అన్‌స్కిల్డ్ లేబర్. ముఠాలోకి కొత్తపిల్ల వస్తే అమ్మ ఏం చేసేదంటే, చెయ్యి తిరిగిన ఇద్దరాడవాళ్ల మధ్యలో నిలబెట్టేది. మొదటిరోజు తక్కువ వెడల్పు ఇచ్చేది. వెనక్కి అడుగేస్తూ నాటాలి కాబట్టి, పిల్ల వెనకబడితే అటొకరూ ఇటొకరూ నాలుగు మొక్కలు అందుకునేవాళ్లు. లోతుగా గుచ్చేస్తే అమ్మ ఆ మొక్కని పీకి చూపించేది. "ఇలా పూడ్చేస్తే పిలకలెక్కడ వేస్తదే? పైపైన పెట్టు." అంతే. ఎందుకో చెప్పేది, వెంటనే ఆ పిల్ల చేతనే చేయించేది. తప్పు చేస్తే ఆసామికి వినపడకుండా చెప్పేది. వారం తిరిగేసరికి ఆ పిల్ల ముఠాతో సమానంగా నడిచేది. ఏ కాలేజీలోనూ నేర్చుకోకుండా అమ్మ చేసిన పని అది. అమ్మ చదివించగా చదువుకున్న నేను ప్రొజెక్టర్ పట్టుకెళ్లాను.

మళ్లీ అదే ఊరెళ్లాను, ఈసారి బతిమాలుకుని. మూడు షరతులు పెట్టాను. ఎనిమిదేసి మందే ఉండాలి. డ్యూటీ టైములోనే, ఆ రోజు కూలి కట్టి చెయ్యాలి. హాల్లో కాదు, మ్యాన్‌హోల్ పక్కనే చెయ్యాలి. ప్రొజెక్టర్ తీసుకెళ్లలేదు. ఒక్కటే ప్రశ్న అడిగాను. "దిగేముందు మీరేం చూస్తారు?"

అప్పుడు మాటలాగలేదు. ఒకాయన అగ్గిపుల్ల గీసి వేస్తానన్నాడు. ఒకామె గెడతో కలియబెట్టి బుడగలు చూస్తామంది. ఒకాయన ముక్కే నా మిషనన్నాడు. ఇరవై, ముప్పయ్యేళ్ల అనుభవం అది. తీసిపారేసేది కాదు. బుడగలొస్తే కింద గ్యాసుందన్నది నిజమే. కానీ గెడతో కెలికితే అది ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. అగ్గిపుల్ల? మీథేన్ ఉంటే అంటుకుంటుంది, లేకపోయినా ప్రాణం తీసేంత విషం ఉన్నచోట కూడా పుల్ల చక్కగా వెలగొచ్చు. ముక్కు సంగతి ఆ తమ్ముడే లేచి చెప్పాడు. వాడు చెబుతుంటే ఎవరూ కునకలేదు.

పెద్దవాళ్లు ఖాళీ కుండలు కాదు. వాళ్లకి తెలిసినదాంట్లో ఎక్కడ చిల్లుందో వాళ్లతో కలిసి వెతకాలి. అదే శిక్షణ. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో జరిగిందిదే. పగలంతా కూలి చేసొచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, ఇది మన కథేగా అన్నారు. దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు సారా దుకాణాల మీదికి నడిచారు. 1993లో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యమే రాష్ట్రంలో నిషేధమయ్యాయి. పాఠం వాళ్ల బతుకు నుంచి మొదలైంది కాబట్టి అక్షరాల దగ్గరే ఆగిపోలేదు.

మన పాఠం కూడా గ్యాసు దగ్గర ఆగకూడదు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాల్లేకుండా మనిషిని మురుగుకాలవలో, సెప్టిక్ ట్యాంకులో దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగుకాలవలో చనిపోతే కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో పది లక్షల నుంచి ముప్పై లక్షలకి పెంచింది. ఇవన్నీ నా పాత స్లైడ్లలోనూ సెక్షన్లుగా ఉన్నాయి. ఈసారి చదవలేదు, ఆడించాను. ఒక పెద్దమ్మ మేస్త్రి వేషం కట్టింది. "దిగరా, రెండొందలు ఎక్కువిస్తా" అని ఆమె గద్దిస్తే, కుర్రాళ్లు "మిషను తెప్పించండి, దిగం" అని గట్టిగా అనాలి. మొదటిసారి ఎవరికీ గొంతు పెగల్లేదు. నవ్వులాటగా మొదలై, నాలుగోసారికి గొంతులు లేచాయి. తరతరాలుగా "అలాగేనండి" అని అలవాటైన నోటికి "దిగనండి" అనడం కూడా ప్రాక్టీసు కావలసిన పనే.

ఆట అయ్యాక ఆ పెద్దమ్మే అడిగింది. "బానే ఉంది బాబూ. దిగనంటే రేప్పొద్దున పనుంటదా? మమ్మల్ని దింపేవాళ్లకి పాఠం ఎవరు చెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి బ్యాచికి సూపర్‌వైజర్లని, కాంట్రాక్టర్లని కూడా రమ్మని కాగితం పెట్టాను. ఇద్దరు సూపర్‌వైజర్లు వచ్చారు. కాంట్రాక్టర్ల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ కుర్చీలని ఫోటో తీసి రిజిస్టర్‌తో పాటు ఆఫీసులో ఇచ్చాను. సంతకాలు మనవాళ్లవే ఉండి వాళ్లవి లేకపోతే అది సగం శిక్షణే. రేపు ప్రమాదం జరిగితే "చెప్పాం కదా, వినలేదు" అనడానికి ఆ రిజిస్టరే వాళ్లకి సాక్ష్యమవుతుంది. నా మొదటి రిజిస్టర్ అందుకే పనికొచ్చేది. తలుచుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది.

మీలో శిక్షణలిచ్చేవాళ్లుంటే ఈసారి చివర్లో "డౌట్లున్నాయా" అని అడక్కండి. మొదట్లోనే "మీరెలా చేస్తారు?" అని అడగండి. ఆ తర్వాత కాసేపు నోరు మూసుకుని వినండి. మీ పద్నాలుగో స్లైడు ఏదో వాళ్లే చెబుతారు.

జై భీమ్.