లింకు కాని లింకు

కొన్నేళ్ల క్రితం ముగ్గురు మిత్రులం కలిసి పాత కథల జాబితా ఒకటి వెబ్‌లో పెట్టాం. పేజీ చివర 'మరిన్ని' అనే బటన్. నొక్కితే ఇంకో 20 కథల పేర్లు వచ్చి చేరతాయి. పేరు మీద నొక్కితే, పేజీ మొత్తం మళ్ళీ లోడ్ కాకుండా కథ అక్కడే తెరుచుకోవాలి. ఆ జావాస్క్రిప్ట్ పని నాది.

మొదటి 20 పేర్లూ బాగానే పనిచేశాయి. కొత్తగా వచ్చినవి మాత్రం ఎంత నొక్కినా ఉలకవు, పలకవు. కారణం దొరకడానికి ఒక రాత్రి పట్టింది. పేజీ తెరుచుకున్నప్పుడు ఉన్న పేర్లకే నేను హ్యాండ్లర్లు తగిలించాను. తర్వాత పుట్టినవాటి సంగతి? మందు తేలికే. క్లిక్ నొక్కినచోటే ఆగిపోదు, నీటిబుడగలా లోపలి ఎలిమెంట్ నుంచి బయటివాటికి పైకి వస్తుంది. జాబితా మొత్తానికి ఒకే హ్యాండ్లర్ పెట్టి, క్లిక్ ఏ పేరు మీద పడిందో చూసుకుంటే చాలు. రేపు వచ్చే పేర్లకూ అదే కాపలా. దీన్నే ఈవెంట్ డెలిగేషన్ అంటారు.

ఆ ఊపులో ఇంకో పని కూడా చేశాను. క్లిక్ ఎలాగూ నా చేతిలోనే ఉంది కదా, ఇంక హెచ్‌రెఫ్ దేనికని లింకు ట్యాగులన్నీ పీకేసి స్పాన్‌లు పెట్టాను. నీలం రంగూ కింద గీతా సీఎస్ఎస్‌తో వేశాను. చూడ్డానికి అచ్చం లింకే.

చూడ్డానికి.

మా మావయ్య తెలుగు మాష్టారుగా రిటైరయ్యారు. షుగర్ వల్ల చూపు పోయింది. ఎన్‌విడిఎ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడటం నేర్చుకున్నారు. సైటు పెట్టిన వారానికి ఫోన్ చేశారు. "ఒరేయ్, పేర్లన్నీ చదువుతోంది గానీ లోపలికి దారేదిరా? ఇన్సర్ట్ ఎఫ్7 కొట్టి లింకుల లిస్టు చూస్తే ఒక్క కథా లేదు."

ఆదివారం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ట్యాబ్ నొక్కారు. వెతుకుడు పెట్టె. మళ్ళీ నొక్కారు. 'మరిన్ని' బటన్. మధ్యలో ఉన్న 20 కథలనీ ఫోకస్ ఒక్క దూకుతో దాటేసింది.

"మరిన్ని ఇస్తానంటోంది, ముందు ఉన్నవి ఇమ్మనరా" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ట్యాబ్‌కి అందడం, ఎంటర్‌కి తెరుచుకోవడం, తాను లింకునని స్క్రీన్ రీడర్‌కి చెప్పుకోవడం, కంట్రోల్ పట్టుకుని నొక్కితే కొత్త ట్యాబ్‌లోకి వెళ్ళడం, నా జావాస్క్రిప్ట్ లోడ్ కాకపోయినా దారి చూపడం. ఇవన్నీ బ్రౌజర్ ఊరికే ఇచ్చేవి. నేనే పారేశాను.

ఆ రాత్రే ప్రతి పేరునీ నిజమైన చిరునామా ఉన్న లింకుగా మార్చాను. డెలిగేషన్ ఉంచాను. కానీ ఇప్పుడు హ్యాండ్లర్ చేసే మొదటి పని తప్పుకోవడం. కంట్రోల్, షిఫ్ట్, మ్యాక్‌లో కమాండ్, వీటిలో ఏది పట్టుకుని నొక్కినా ఆ క్లిక్‌ని ముట్టుకోదు. మామూలు క్లిక్ అయితేనే ప్రివెంట్‌డిఫాల్ట్‌తో బ్రౌజర్‌ని ఆపుతుంది. ఆపాక దాని పనంతా మనదే: పుష్‌స్టేట్‌తో చిరునామా మార్చాలి, వెనక్కి బటన్ కోసం పాప్‌స్టేట్‌ని వినాలి, ఫోకస్‌ని కథ శీర్షిక మీదికి చేర్చాలి.

సమీక్షలు రాసేటప్పుడూ నాకు ఇదే జబ్బు. చదివేవాడికీ పుస్తకానికీ మధ్య నేనే నిలబడిపోతాను.

తర్వాతి ఆదివారం మావయ్య ట్యాబ్ నొక్కితే ప్రతి పేరుతోపాటూ "లింక్" అని వినిపించింది. ఒకచోట ఆగి ఎంటర్ కొట్టారు. కథ మొదలైంది. ఫోకస్ గురించి నేనేదో చెప్పబోయాను.

"ఉండరా, విననీ" అన్నారు.