తార్నాకలో రెండు రోజులు

హైదరాబాదు వెళ్ళివచ్చినవాళ్ళను ఏమేమి చూశారని అడగండి. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియం, హుసేనుసాగరంలోని బుద్ధవిగ్రహం - ఈ నాలుగు పేర్లూ తడుముకోకుండా చెబుతారు. పిల్లలున్నవాళ్ళు జూపార్కు కూడా కలుపుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం చూసి వచ్చామనేవాళ్ళు మాత్రం అరుదు. అక్కడ చదివినవాళ్ళుంటారు, పరీక్షలు వ్రాసినవాళ్ళుంటారు, సర్టిఫికెట్టు కోసం కౌంటరు ముందు నిలబడినవాళ్ళు మరీ ఎక్కువగా ఉంటారు. కాని కళ్ళారా చూడాలని పనిగట్టుకొని వెళ్ళినవాళ్ళు నాకు ఎక్కువమంది తటస్థపడలేదు.

మేము పనిగట్టుకొనే వెళ్ళాము. ఈ ఏడు మాకు పెళ్ళయి ఇరవయ్యేళ్ళు నిండాయి. పెళ్ళిరోజు శనివారం నాడు పడింది. ఖమ్మంలో పట్టుచీరల దుకాణానికి పోదాం రమ్మంటే మా ఆవిడ కదలలేదు.

"చీర సంగతి తరువాత చూద్దాం లెండి. ఈసారి నాకు ఆర్ట్సు కాలేజీ చూపించండి" అన్నది.

ఆ కోరిక వెనుక ఒక చిన్న కథ ఉన్నది. బి. ఏ. పాసైన ఏడు ఆవిడకు ఉస్మానియాలో తెలుగు ఎం. ఏ.కి సీటు వచ్చింది. "అంతదూరం ఆడపిల్లను పంపి మేమిక్కడ నిద్రపోయేదెట్లా?" అన్నారట మా మామగారు. ఆ వేసవిలోనే మా సంబంధం కుదిరింది. నేను వరంగల్లులో తెలుగు ఎం. ఏ. చదివి అప్పుడే కాలేజీలో చేరినవాణ్ణి. "ఇంట్లో ఒక ఎం. ఏ. ఉంటే చాలదటే!" అని చుట్టాలు నవ్వారట. అందరితోపాటు ఆవిడా నవ్వింది. కాని సీటు వచ్చిన ఉత్తరం ఇరవయ్యేళ్ళుగా ఆవిడ ట్రంకుపెట్టెలో అడుగున ఉన్నది.

సికింద్రాబాదులో రైలు దిగి మెట్రో ఎక్కితే రెండో స్టేషను తార్నాక. 2017 నవంబరులో ఈ మెట్రో నడక మొదలైనప్పటినుంచి మా వంటి పల్లెటూరివాళ్ళకు ఆటోవాళ్ళతో బేరాలాడే బాధ తప్పింది. తార్నాకలో మా ఆవిడకు చిన్నమ్మ వరస ఆవిడ ఉన్నారు. అక్కడ వీధులకు పేర్లకంటె నంబర్లే ఎక్కువ. నంబరు సరిగా గుర్తుపెట్టుకోకపోతే పక్క వీధిలో అదే రంగు మేడ ముందు నిలబడి ఎవరింటి గంటో మోగించవలసి వస్తుంది.

"తార్నాక అంటే ఏమిటి చిన్నమ్మా?" అని అడిగింది మా ఆవిడ, కాళ్ళు కడుక్కుంటూనే.

"తార్ అంటే తీగె, నాకా అంటే కావలి ఠాణా. పూర్వం ఇక్కడ తోటలకు ముళ్ళతీగె కట్టి నాకా పెట్టారట. అట్లా తార్నాక అయిందని మా ఇంటాయన చెప్పేవాడు. మీరిద్దరూ తెలుగువాళ్ళు గదా, నిజమో కాదో మీరే తేల్చాలి" అన్నదావిడ సర్వపిండి ముక్కలు ముందు పెట్టి.

మేము తేల్చలేదు. సర్వపిండి మాత్రం తేలిపోయింది.

ముళ్ళతీగె మాట ఎట్లా ఉన్నా, ఇప్పటి తార్నాక చదువుల పేట. మన దేశంలో రసాయనశాస్త్ర పరిశోధనకు పేరుపొందిన ఐ. ఐ. సి. టి. ఇక్కడిదే. 1944లో నిజాము రాజ్యపు ప్రయోగశాలగా పుట్టి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకొన్నది. దానికి ఇరుగుపొరుగున భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది, 1961లో వెలిసింది. జీవకణాల పరిశోధన చేసే సి. సి. ఎం. బి. 1977నాటిది. విశ్వవిద్యాలయం పక్కన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఇది 1918లో నీలగిరుల్లోని కూనూరులో, బెరిబెరి వ్యాధి ఎందుకు వస్తున్నదో కనుక్కోవడానికి ఒక చిన్న గదిలో ఆరంభమయింది. 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. ఏ పప్పులో ఎంత మాంసకృత్తు, ఏ ఆకుకూరలో ఎంత ఇనుము అని మన బడిపుస్తకాల్లో కనిపించే లెక్కలకు పుట్టిల్లు ఇదే. "అయితే నేను పాలకూర తినిపించినప్పుడల్లా పిల్లలు తిట్టుకోవలసింది వీళ్ళనన్నమాట" అన్నది మా ఆవిడ, ఆ గేటు వైపు చూసి.

శనివారం ఉదయం ఎండ ముదరకముందే విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాము. సుమారు 1,300 ఎకరాల ఆవరణ. ట్రాఫిక్కు రొద వెనుకబడి, చెట్లు, బండలు, నడకకు వచ్చిన పెద్దమనుషులు, పుస్తకం చేతబట్టి చెట్టుకింద వల్లెవేసుకొనే ఉద్యోగార్థులు కనిపిస్తారు. మలుపు తిరిగేసరికి ఆర్ట్సు కాలేజీ!

బొమ్మల్లో ఎన్నిమార్లు చూసినా ఆ భవనం ఎదురుగా నిలబడటం వేరు. గులాబిరంగు చాయ గల నల్లరాతి కట్టడం - నల్లరాయి అని మనమంటాము గాని గ్రానైటుకు ఇన్ని రంగులుంటాయని ఇక్కడే తెలుస్తుంది. నడుమ ఆకాశమంత ఎత్తున ఒక కమాను. ఆ కమాను మసీదులను తలపిస్తే, లోపలి స్తంభాలు అజంతా ఎల్లోరా గుహలను తలపిస్తాయి. కట్టడానికి ముందు నవాబ్ జైన్‌యార్ జంగు, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం శిల్పి నమూనా గీశాడు. ఈయన అంతకుముందు ఈజిప్టులో కైరో పక్కన హీలియోపోలిస్ అనే కొత్త నగరంలో భవనాలు కట్టించినవాడు. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు.

మా ఆవిడ మెట్లన్నీ గబగబా ఎక్కలేదు. ఒక్కొక్క మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది. నేను తొందరపెట్టలేదు.

విశ్వవిద్యాలయం మాత్రం ఈ భవనం కంటె పెద్దది. 1917లో నిజాం ఫర్మానా ఇచ్చాడు, 1918లో స్థాపన, 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. అప్పటికి మన దేశంలో విశ్వవిద్యాలయమంటే ఇంగ్లీషే. ఇక్కడ మాత్రం ఉర్దూలో చెప్పారు. కవిత్వమూ చరిత్రా మాత్రమే కాదు, గణితం, రసాయనం, వైద్యం, ఇంజనీరింగు కూడా! అందుకు పుస్తకాలేవి? 1917లోనే అనువాదశాల ఒకటి పెట్టి, మౌల్వీ అబ్దుల్ హక్ ఆధ్వర్యాన పుస్తకాలు తర్జుమా చేయించారు. లేని మాటలు పుట్టించడానికి పండితులూ శాస్త్రజ్ఞులూ ఒకచోట కూర్చొని వాదులాడుకొన్నారు. శాస్త్రం దేశభాషలో ఇమడదనేవాళ్ళకు ఇక్కడ జవాబు దొరికింది.

అయితే ఆ జవాబులో ఒక వెలితి ఉన్నది. రాజ్యంలో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడుకొనేది తెలుగు. తరువాత మరాఠీ, కన్నడం. వాళ్ళ పిల్లలకు ఉర్దూ కూడా నేర్చుకొన్న భాషే. 1948లో పోలీసు చర్య తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది గాని, తెలుగు రాలేదు. తెలుగు బోధించి పొట్టపోసుకొనే నావంటివాడికి ఈ మెట్ల మీద ఈ ఆలోచన రాకుండా ఉండదు.

అయినా తెలుగు ఇక్కడ తన చోటు తాను సంపాదించుకొన్నది. రాయప్రోలు సుబ్బారావుగారు ఇక్కడ తెలుగు ఆచార్యులు. బిరుదురాజు రామరాజుగారు ఊరూరా జానపదుల పాటలు సేకరించి, వాటిమీద ఇక్కడే పరిశోధన చేశారు. పల్లెపాటకు విశ్వవిద్యాలయంలో పీట వేసినవారాయన. సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమంలోనే బి. ఏ. చదివి, తెలుగు ఎం. ఏ. చేసి, ఆధునిక కవిత్వం మీద సిద్ధాంతగ్రంథం వ్రాసి ఇక్కడే ఆచార్యులయ్యారు. 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠం అందుకొన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వచ్చి భాషాశాస్త్ర శాఖకు ప్రాణం పోశారు.

ఈ మెట్ల ముందు మైదానం నిశ్శబ్దమైనదేమీ కాదు. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొడితే, వారిలో ఎందరో నాగపూరు వెళ్ళి చదువు సాగించారు. 1969లో తెలంగాణ ఉద్యమం ఇక్కడ మండింది. 2009లో మళ్ళీ రగిలి, 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చేదాకా ఆరలేదు. ఆ ఉద్యమాల్లో ప్రాణాలు పోగొట్టుకొన్న పిల్లలను తలచుకోకుండా ఈ భవనపు అందాన్ని మాత్రమే మెచ్చుకోవడం సాధ్యం కాదు.

లోపల, పొడుగాటి వసారాలో ఒక తరగతిగది తలుపు తెరిచి ఉన్నది. లోపల ఎవరూ లేరు. మా ఆవిడ వెళ్ళి మూడో బల్ల మీద కూర్చొన్నది. అయిదు నిమిషాలు మాట్లాడలేదు. తరువాత లేచి, "దూరవిద్యా కేంద్రం ఎటువైపో కనుక్కోండి" అన్నది.

ఉద్యోగాలు చేసుకొనేవాళ్ళకూ, ఇళ్ళు విడిచి రాలేనివాళ్ళకూ ఉత్తరాల ద్వారా పాఠాలు చెప్పడానికి 1977లో పెట్టిన కేంద్రమది. తరువాత ఆచార్య జి. రామ్‌రెడ్డిగారి పేరు పెట్టారు. మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులూ ఆయనే. నోటీసుబోర్డు ముందు నిలబడి ఆవిడ చేతిసంచీలోంచి కలం తీసింది. ఎదురుగా అచ్చయిన ప్రతి అక్షరమూ చీటీ మీదికి ఎక్కించుకొన్నది. పక్కన నెరసిన మీసాల కానిస్టేబులొకాయన కూడా అదే పని చేస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నవ్వుకొన్నారు.

సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఈ బిస్కెట్టుకు పేరు విశ్వవిద్యాలయం నుంచి రాలేదు సుమా! రెంటికీ పేరు ఇచ్చినవాడు ఆ నిజామే.

ఆదివారం మౌలాలి వెళ్ళాము. సుమారు 500 మెట్లెక్కితే గుట్టమీద హజరత్ అలీ పేర వెలసిన దర్గా ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంనుంచి ఉన్నదని ప్రతీతి. మేము ముఖ్యంగా చూడవచ్చినది మాత్రం గుట్టకింద తోటలోని సమాధి. అది మహలఖా బాయి చందాది.

ఈమె 1768లో పుట్టి 1824లో చనిపోయింది. నిజాం దర్బారులో నర్తకి, గాయని, కవయిత్రి. గుర్రపుస్వారీలోనూ విలువిద్యలోనూ దిట్ట అని ప్రసిద్ధి. తన ఉర్దూ గజళ్ళను 1798లో దీవానుగా కూర్చింది. అంటే ఒక కవి గజళ్ళన్నీ వరస ప్రకారం కూర్చిన సంపుటమన్నమాట. ఉర్దూలో దీవాను గల తొలి కవయిత్రి ఈమెనే అని చాలాకాలంగా చెప్పుకొంటారు. ఆ ప్రతి ఒకటి 1799లో జాన్ మాల్కం అనే బ్రిటిషు అధికారి చేతికి వచ్చి లండను చేరింది. దర్బారువారు ఈమెకు జాగీర్లు ఇచ్చారు. అందులో ఒకటి అడిక్‌మెట్. నేటి ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినది ఆ నేల మీదనే! ఆమె పేర పిలిచే మెట్లబావి ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉన్నది. తల్లి రాజ్‌కువర్ బాయి కోసం 1792లో ఈ తోటా సమాధీ కట్టించి, చివరకు తానూ తల్లి పక్కనే నిదురించింది. చాలాకాలం పాడుపడి ఉన్న ఈ కట్టడాన్ని 2010 ప్రాంతంలో అమెరికావారి ధనసహాయంతో బాగుచేశారు.

మా ఆవిడ ఆ వాకిట్లో చాలాసేపు కూర్చొన్నది.

"చూశారా! ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపుతామన్నారు మా నాన్నగారు. ఆ నేల మొదట ఒక ఆడమనిషిదే!" అన్నది.

దానికి నా దగ్గర జవాబు లేదు.

పెళ్ళిరోజులకు ఊళ్ళు తిరగదలచిన పాఠకులకు ఒక్క మాట. చార్మినారూ చూడండి, గోలకొండా చూడండి. మూడో రోజు చేతిలో ఉంటే తార్నాక మెట్రోలో దిగండి. విశ్వవిద్యాలయానికి ఉదయంపూట వెళ్ళండి; మౌలాలి మెట్లు పొద్దుగూకే వేళ ఎక్కండి. నీళ్ళసీసా మరువకండి.

తిరుగు రైలులో మా ఆవిడ చీటీ విప్పి లెక్కలు వేసింది. పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. పాఠం చెప్పడానికి మాస్టారూ ఇంట్లోనే ఉన్నాడు. ఇక మిగిలింది ఫీజు.

"అది ఎవరు కట్టాలి?" అన్నాను.

"చీర ఇంకా మీ దగ్గర బాకీ ఉన్నదిగా!" అన్నది.