అవ్వ పట్టుకున్న బగ్

బీటెక్ రెండో ఏడు పరీక్షలయ్యాక సెలవులకి వింజమూరు వచ్చాను. మా ఇంటి అరుగు మీద రెండు పూటలా నాయన పాలు పోయించుకుంటాడు. పన్నెండు ఇళ్ల వాళ్లు పోస్తారు. లెక్కంతా నోటుబుక్కులోనే. పదిహేను రోజులకోసారి బిల్లు ఇవ్వాలి. ఆ ముందురోజు రాత్రంతా ఆయనకి కూడికలతో కుస్తీ.

అప్పటికి నాకు పైథాన్ వచ్చేసిందని గట్టి నమ్మకం. "ఇంక నువ్వు కూడమాక నాయనా, నేను ప్రోగ్రాం రాస్తా" అన్నాను. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. అందుకే ఉదయం, సాయంత్రం అని రెండు లిస్టులు పెట్టాను. పొద్దున ఎవరెన్ని లీటర్లు పోశారో వరసగా 'ఉదయం'లో ఎక్కించేవాణ్ణి. సాయంత్రం మళ్లీ పన్నెండు అంకెలు కొట్టాలంటే బద్ధకం. చాలామందివి రెండు పూటలా ఒకటే లీటర్లు కదా, తేడా ఉన్నవాళ్లవి మారిస్తే చాలనుకున్నా. అవ్వది మూడో పేరు. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి ఆమె నంబరు 2.

సాయంత్రం = ఉదయం
సాయంత్రం[2] = 3

తర్వాత రెండు లిస్టులూ కూడితే ఆ రోజు లెక్క. ఎంత తెలివో అని నన్ను నేనే మెచ్చుకున్నా.

బిల్లు రోజు అవ్వ డబ్బులు చేతిలో పెట్టుకుని కదల్లేదు.

"అబ్బయా, పొద్దున అయిదు, సందేళ మూడు పోసినా. పదైదు దినాలకి నూటిరవై లీటర్లు కావాల. నువ్వు తొంభై అంటుండావు, ఏంది?"

అవ్వకి చదువు రాదు. పోసిన ప్రతి లీటరుకీ ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది, అంతే. నాయన నోటుబుక్కు తీసి చూశాడు. అవ్వ మాటే రైటు. ఇంకో ముగ్గురికీ తక్కువే వచ్చింది. సాయంత్రం ఎక్కువ పోసే ఒకాయనకి మాత్రం ఎదురు డబ్బులు పోయాయి. ఆయన నోరు మెదపలేదు! అరుగు మీద అందరూ నాయన వైపే చూశారు. ఆయన చేతి లెక్కని అంతవరకూ ఎవరూ అనుమానించలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. పైథాన్‌లో ఐడీ అనే ఫంక్షన్ ఉంది. ప్రతి వస్తువుకీ ఉండే గుర్తింపు సంఖ్య చెబుతుంది. రెండు లిస్టులకీ అడిగితే ఒకటే సంఖ్య వచ్చింది. అంటే నా దగ్గర రెండు లిస్టులు లేవు. ఉన్నది ఒక్క లిస్టు, దానికి రెండు పేర్లు. సాయంత్రం మూడు అని దిద్దగానే పొద్దుటి అయిదు కూడా మూడైపోయింది. ఎనిమిది కావాల్సింది ఆరు. పొద్దున చూస్తే పొద్దుటి లిస్టు కరెక్టు, సాయంత్రం చూస్తే సాయంత్రం లిస్టు కరెక్టు. సాయంత్రమయ్యాక పొద్దుటి లిస్టు మళ్లీ చూస్తే కదా తెలిసేది!

మరి అంకెలతో ఇలా ఎప్పుడూ కాలేదే? ఎ = 5, బి = ఎ, తర్వాత బి = 3 అన్నా ఎ అయిదుగానే ఉంటుంది. ఇది నా పేరుతోనే అర్థమైంది. ఇంట్లో నేను 'చిన్నోడు'. బడి రిజిస్టర్లో ఇంకో పేరు. చిన్నోడు వేపచెట్టు మీంచి పడి మోకాలు చీరుకుంటే, రిజిస్టర్లో ఉన్నవాడి మోకాలికీ మచ్చే. మనిషి ఒక్కడే కాబట్టి. తర్వాత బాబాయికి కొడుకు పుట్టాడు. 'చిన్నోడు' అన్న పిలుపు వాడికి పోయింది. దాంతో నాకేమీ కాలేదు, రిజిస్టర్ పేరుతో హాయిగా ఉన్నా.

బి = 3 అంటే పిలుపు ఇంకొకరికి ఇవ్వడం. సాయంత్రం[2] = 3 అంటే మనిషి మోకాలికే మచ్చ పడటం. ఈక్వల్ గుర్తు దేన్నీ కాపీ చెయ్యదు, పేరు తగిలిస్తుంది అంతే. నిజంగా రెండోది కావాలంటే మనమే అడగాలి:

సాయంత్రం = ఉదయం[:]

మీ ఫోన్లో పైథాన్ యాప్ ఉంటే రెండు రకాలూ కొట్టి చూడండి. ఒక జాగ్రత్త మాత్రం. నేను తర్వాత లీటర్లతోపాటు వెన్న శాతం కూడా చేర్చి, ఒక్కొక్కరికీ ఒక చిన్న లిస్టు పెట్టాను. అప్పుడు ఈ కాపీ చాల్లేదు. పై లిస్టు కొత్తదే, లోపలి చిన్న లిస్టులు మాత్రం పాతవే. వాటిని కూడా విడదీయాలంటే డీప్‌కాపీ వాడాలి.

మర్నాడు నాయనా నేనూ నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తేడా డబ్బులు ఇచ్చాం. ఎదురు పోయినాయన దగ్గర మాత్రం నాయన ఏమీ అడగలేదు. ఆయనే మరుసటి బిల్లులో పట్టుకోమన్నాడు.

అవ్వ ముప్పై లీటర్ల డబ్బులు కొంగున ముడేసుకుని, తడిగుడ్డ తీసుకుని గోడ తుడవబోయింది. నాయన ఆపాడు.

"ఉండనీ అవ్వా. వచ్చే బిల్లుకి కూడా మావోడే లెక్క చేస్తాడు. గీతలు మానమాక."