చేసి చూపించమని అడగలేదు

నా ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్ ఇప్పటికీ మా కాలేజీ లైబ్రరీలో ఉంది. నల్ల రెగ్జిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఇన్సులిన్ వాడే షుగర్ రోగులకు పద్ధతిగా పాఠం చెబితే వాళ్ల పరిజ్ఞానం ఎంత పెరుగుతుంది అన్నది అంశం. నర్సింగ్ చదివినవాళ్లకు ఈ ముక్క చెబితే చాలు, లోపల ఏముందో తెరవకుండానే చెప్పేస్తారు. ముందు రోగులకు ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు వేస్తాం. అది ప్రీ టెస్ట్. తర్వాత చార్టులు, ఫ్లాష్ కార్డులు పెట్టి పాఠం చెబుతాం. వారం తిరిగాక అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తాం. అది పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. టీ టెస్ట్ వేస్తే పీ విలువ 0.05 కన్నా తక్కువ వస్తుంది. బోధన ఫలించిందని రాసుకుని వైవాకు వెళ్తాం.

నాకూ అలాగే వచ్చింది. ఆ ఫలితాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. స్టడీ లీవు ముగించుకుని జిల్లా ఆస్పత్రి మెడికల్ వార్డుకు తిరిగి వచ్చేటప్పుడు ఆ ఫ్లాష్ కార్డులు సంచిలో పెట్టుకుని మరీ వచ్చాను. షుగర్ రోగికి ఎలా చెప్పాలో నాకు తెలుసని, అది లెక్కలతో సహా రుజువైందని అనుకున్నాను. ఆ నమ్మకం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

ఆమె మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన రైతు కుటుంబపు మనిషి. అరవై దాటిన వయసు. కాలి పుండుతో చేరింది. మాత్రలతో షుగర్ అదుపులోకి రాకపోవడంతో డాక్టరుగారు పొద్దున 20 యూనిట్ల మిక్స్‌డ్ ఇన్సులిన్ మొదలుపెట్టారు. పుస్తకం చదవలేదు గానీ అంకెలు బాగా వచ్చు. ఫోన్ నంబర్లు, బస్సు నంబర్లు గడగడా చదివేది. అది చూసి నాకు ధైర్యం కలిగింది. డిశ్చార్జికి ముందు రోజు మంచం పక్కన కూర్చుని నా కార్డులన్నీ వరసగా చూపించాను. సీసాను ఊపకుండా రెండు అరచేతుల మధ్య దొర్లించాలి. పొట్ట మీద చోటు మారుస్తూ పొడుచుకోవాలి. సిరంజీలో మందు 20 అంకె దాకా లాగాలి. కళ్లు తిరిగి చెమటలు పడితే పంచదార నోట్లో వేసుకోవాలి. చివర్లో ప్రశ్నలు అడిగాను. అన్నిటికీ సరైన జవాబులే చెప్పింది. "అర్థమైందా పెద్దమ్మా?" అన్నాను. "అర్థమైంది సిస్టరమ్మా" అంది. రిజిస్టర్‌లో ఆరోగ్య విద్య ఇచ్చినట్టు రాసి సంతకం పెట్టాను.

తర్వాత ఓపీకి వచ్చినప్పుడు షుగర్ 380 ఉంది. నేను ఆమె మీద కోప్పడ్డాను. "అన్నం తగ్గించమని చెప్పానా? పిండివంటలు తిన్నావా? మందు సరిగ్గా వేసుకుంటే ఇంత ఎందుకు ఉంటుంది?" అని పది మంది ముందు అడిగాను. "లేదమ్మా, మీరు చెప్పినట్టే చేస్తున్నా" అందామె. నేను నమ్మలేదు. ఆహార నియమం పాటించడం లేదని చీటీలో రాశాను. నేను రాసింది చూసి డాక్టరుగారు మోతాదును 30కి పెంచారు. మళ్లీ వచ్చినప్పుడూ షుగర్ ఎక్కువే. మళ్లీ అవే మాటలు అన్నాను. ఆమె తల వంచుకుని విన్నది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. క్యాజువాలిటీలో గ్లూకోమీటర్ 38 చూపించింది. 70 కన్నా తగ్గితేనే మేం వెంటనే కదులుతాం. నరంలోకి 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక ఆమె కళ్లు తెరిచి కొడుకు కోసం చూసింది.

సాయంత్రం వార్డుకు మార్చాక ఆమె కోడలిని మందుల సంచి తెమ్మన్నాను. అందులో ఇన్సులిన్ సీసా, దాంతో పాటు రెండు రకాల సిరంజీలు ఉన్నాయి. నారింజ రంగు మూతవి పాతవి. ఎర్ర మూతవి కొత్తవి, ఆ వారమే కొడుకు టౌనులో కొన్నాడట. ఆ రెండూ చేతిలో పట్టుకోగానే నాకు విషయం అర్థమైంది.

ఇది తెలియనివాళ్ల కోసం వివరంగా చెప్పాలి. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే రకం వేరే ఉంది, దాని సిరంజీకి నారింజ మూత ఉంటుంది. రెండు సిరంజీల మీదా 20 అంకె ఉంటుంది. కానీ ఒక మిల్లీలీటరు ఎర్ర మూత సిరంజీలో అది గొట్టానికి సరిగ్గా మధ్యలో ఉంటుంది, నారింజ మూత దాంట్లో అయిదో వంతు దగ్గరే ఉంటుంది. 40 రకం మందును నారింజ మూత సిరంజీతో 20 దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. 30 దాకా లాగినా 12 యూనిట్లే.

వాళ్ల ఊరి షాపులో ఇన్సులిన్ సిరంజీ కావాలని అడిగితే ఉన్నది ఇచ్చారు. ఆమె నేను చెప్పింది చెప్పినట్టే చేసింది, 20 దాకా లాగింది. 20కి బదులు 8 యూనిట్లు వేసుకుంటున్న మనిషిని తిండి మీద అదుపు లేనిదానిగా నేను లెక్కగట్టాను. నా అనుమానం వల్లే మోతాదు పెరిగింది. ఆ తర్వాత సరైన సిరంజీ ఇంటికి వచ్చిన రోజు, అప్పటిదాకా 12 యూనిట్లు అందుతున్న ఒంట్లోకి ఒక్కసారిగా 30 యూనిట్లు వెళ్లాయి.

పైగా అది శనివారం. పెళ్లయిన కొత్తలో మొక్కుకున్నప్పటి నుంచి ఆమె శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దున ఇన్సులిన్ వేసుకుని, కాఫీ తాగి, సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినదు. మోతాదు తక్కువగా అందినన్నాళ్లూ ఆ ఉపవాసం ఏమీ చేయలేదు. నా ప్రశ్నపత్రంలో ఇన్సులిన్ ఎన్ని డిగ్రీల్లో నిల్వ చేయాలన్న ప్రశ్న ఉంది. ఉపవాసం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. తెలుగు ఇంట్లో పుట్టి, మా అమ్మ ఒక్కపొద్దులు చూస్తూ పెరిగిన నేను ఆ ప్రశ్న వేయలేదు.

మరునాడు ఆమె దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. అందరిముందూ తిట్టాను కాబట్టి, పక్క మంచాల వాళ్లకు వినబడేలాగే చెప్పాను. "పోన్లే తల్లీ, నువ్వు మాత్రం కావాలని చేశావా" అందామె. అప్పటిదాకా నన్ను మీరు అనేది.

ఆ తర్వాత నా థీసిస్‌ను మళ్లీ చదివాను. లెక్కల్లో పొరపాటు లేదు. నేను కొలిచిన వస్తువే వేరు. పాఠం విన్న వారానికి, అవే ప్రశ్నలకు, అదే టీచరు ఎదురుగా కూర్చుని అడిగితే రోగి జవాబులు చెబుతాడు. ఆ మనిషి ఇంటికెళ్లి, తన షాపులో దొరికిన సిరంజీ పట్టుకుని, తన వంటింట్లో, తన శనివారాల మధ్య ఏం చేస్తాడన్నది ఆ మార్కుల్లో ఎక్కడా లేదు. నా దగ్గర వంద శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లలో ఎంతమంది ఇంట్లో తప్పు సిరంజీ ఉందో నాకు ఈరోజుకీ తెలియదు. అది నన్ను ఇంకా బాధపెడుతుంది.

అంతకు ముందే ఈ విషయం మీద మంచి పరిశోధనలు జరిగాయి. నేనే శ్రద్ధగా చదవలేదు. ఆస్పత్రిలో చెప్పిన విషయాల్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు వెంటనే మరిచిపోతారని, గుర్తున్నదాంట్లోనూ సగం దాకా తప్పుగా గుర్తుంటుందని నెదర్లాండ్స్‌కు చెందిన కెసెల్స్ 2003లో రాశాడు. అదే ఏడాది అమెరికాలో షిల్లింజర్ బృందం షుగర్ రోగులకూ డాక్టర్లకూ మధ్య జరిగిన మాటలను రికార్డు చేసి విన్నది. డాక్టర్లు కొత్తగా చెప్పిన 124 విషయాల్లో 15 విషయాల దగ్గర మాత్రమే, రోగికి ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకున్నారు. అలా చెప్పించుకున్న రోగుల షుగర్ మెరుగ్గా అదుపులో ఉండే అవకాశం ఎక్కువని కూడా వాళ్లు గమనించారు. ఈ పద్ధతికి టీచ్ బ్యాక్ అని పేరు. నా థీసిస్ రెండో అధ్యాయంలో ఈ పేరు ఉంది కూడా. ఇతరుల థీసిస్‌ల నుంచి ఎత్తి రాసిన పేరాలో ఉంది.

మా చదువులో మాకు మాత్రం ఇలా జరగదు. ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో నోటితో చెబితే ఏ ఎగ్జామినరూ మార్కులు వేయరు, చేసి చూపించాలి. మన అమ్మాయిలు బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే కంప్యూటర్ పరీక్ష ఒక్కటే సరిపోదు, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ కళ్లముందు ఒక్కో పనీ చేసి నెగ్గాలి. ఏళ్ల తరబడి చదివిన నర్సును చేతులతో చేసి చూపించమంటున్నారు. జీవితంలో ఎన్నడూ సూది పట్టని మనిషిని మాత్రం మేం అర్థమైందా అని అడిగి పంపించేస్తున్నాం. అర్థం కాలేదని చెప్పడానికి ఏ రోగీ ఇష్టపడడు. సిస్టర్ తిడుతుందని భయం, పక్కవాళ్లు నవ్వుతారని సిగ్గు, బస్సు పోతుందని తొందర.

ఇప్పుడు నేను డిశ్చార్జికి ముందు రోజు కాకుండా ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజు నుంచే సిరంజీ రోగి చేతికిస్తాను. కోడలో కూతురో ఉంటే వాళ్ల చేతికీ ఇస్తాను. "నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి, ఒకసారి మీరు నాకు నేర్పించండి" అని అడుగుతాను. అలా అడిగితే పరీక్ష పెట్టినట్టు ఉండదు, తప్పు చేసినా సిగ్గుపడరు. ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే సీసా, సిరంజీ, పెన్ను అన్నీ సంచిలో తెమ్మంటాను. ఆ సంచులు నాకు ఎన్నో నేర్పాయి. ఒక పెద్దాయన ఇన్సులిన్ పెన్ను సూదికి పై మూత తీసి, లోపలి చిన్న మూత తీయకుండానే పొడుచుకుంటున్నాడు. మందంతా బయటే కారిపోతోంది. ఆయన దాన్ని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. చీటీలో రాసింది మాత్రం మందుకు లొంగని షుగర్ అని. ఒకామె ఎప్పుడూ ఒకే చోట పొడుచుకుని పొట్ట మీద గడ్డ కట్టించుకుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి అదే మంచి చోటు అనుకుంది. ఇవి ఏ ప్రశ్నపత్రంలోనూ బయటపడవు.

శనివారాలు, ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు, ఈస్టర్ ముందు నలభై రోజులు అన్నీ అడుగుతాను. మానేయమని చెప్పను. ఆ రోజు మోతాదు ఎంత ఉండాలో, అసలు వేసుకోవాలో వద్దో డాక్టరుగారితో ముందే మాట్లాడించి పంపుతాను. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని కూడా అడుగుతాను. లేకపోతే మట్టికుండ, తడి ఇసుకతో సీసాను చల్లగా ఉంచుకునే పద్ధతి చూపిస్తాను.

దీనికి సమయం ఎక్కడిది అని నా తోటి సిస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వార్డంతటికీ ఒక్క నర్సు ఉన్న రాత్రులు నాకూ తెలుసు. నర్సుల పోస్టులు భర్తీ చేయకుండా ఆరోగ్య విద్య ఇవ్వండి అని సర్క్యులర్ పంపితే అది సంతకంగానే మిగులుతుంది. అయినా ఆ పెద్దమ్మకు నేను పాఠం చెప్పడానికి పట్టిన సమయంలో సగం, ఆమె చేతిని గమనించడానికి వెచ్చించి ఉంటే సరిపోయేది. ఆమె ఇంటికి తీసుకెళ్లే సిరంజీ ఏదో ముందే చూసేదాన్ని.

ఎమ్మెస్సీ విద్యార్థులకు, వాళ్ల గైడ్లకు ఒక విన్నపం. ఏటా మన కాలేజీల్లో పరిజ్ఞానం మీద ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ థీసిస్‌లు వస్తూనే ఉన్నాయి. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని ఇంకొకసారి రుజువు చేయనవసరం లేదు. నెల తర్వాత రోగి ఇంటికి వెళ్లండి. సూది వేసుకుంటుంటే పక్కన కూర్చుని చెక్‌లిస్ట్ పట్టుకుని చూడండి. ఎంతమంది చేతిలో సీసాకు సరిపడే సిరంజీ ఉందో లెక్కపెట్టండి. షుగర్ పడిపోయి మళ్లీ ఎంతమంది చేరారో రాయండి. పీ విలువ అనుకున్నట్టు రాకపోయినా సరే, ఆ థీసిస్ వార్డులో పనికొస్తుంది. క్రిమియా యుద్ధం తర్వాత నైటింగేల్ లెక్కగట్టి చూపించింది సైనికుల మరణాలను. మన వృత్తిలో పరిశోధన మొదలైంది అక్కడి నుంచే.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే ఈ పూటే ఒకసారి చూడండి. సీసా మీద 40 అని ఉంటే సిరంజీ మీదా 40 అని ఉండాలి, మూత ఎర్రగా ఉండాలి. తేడా కనబడితే మోతాదును మీరే సరిచేసుకోకండి. సీసా, సిరంజీ రెండూ సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్లండి. అక్కడున్న సిస్టర్‌తో "నేను ఎలా వేసుకుంటున్నానో చూడండి" అని అడగండి.