కెమెరా కంటే కార్డు ముందు

ముళబాగిలు దగ్గర ఊర్లో మా పాత మట్టి మిద్దెను పడగొట్టే ముందు దాన్ని ఫోటోల్లోనైనా దాచుకుందామని చిన్న డిజిటల్ కెమెరా కొన్నాను. నేను కన్నడ మీడియంలో చదివినోణ్ణి, తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నా. తప్పులుంటే మన్నించండి.

కెమెరా కోసం నెల రోజులు వెతికినా. 4×6 అంగుళాల ప్రింటుకు రెండు మూడు మెగాపిక్సెల్స్ చాలు. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది. అందుకే ఆప్టికల్ జూమ్ చూసి కొనాల. ఇంత తెలిసీ, మెమరీ కార్డు మాత్రం 64 జీబీది చౌకగా దొరికిందని తీసేసుకున్నా.

అవ్వ ఒక్కో గదీ చూపిస్తూ, ఎవరు ఎక్కడ పుట్టిందీ చెప్తా వచ్చింది. గదికొక వీడియో తీసినా. వారం తర్వాత బెంగళూరులో కంప్యూటరుకు వేసి చూస్తే వంటింటి వరకే ఉంది. మిగతా ఫైళ్ళకు పేర్లున్నాయి, తెరుచుకోలేదు. కార్డు నకిలీది, నిజంగా ఉన్న చోటు 8 జీబీనే. అప్పటికే మిద్దె నేలమట్టం.

ఆఫీసులో నా పనే టెస్టింగ్. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములు కార్డును నిండా రాసి, తిరిగి చదివి, మోసం ఉంటే పట్టేస్తాయి. ఇంట్లో పని కదా అని ఆ పరీక్ష చేయలేదు. మీరు చేయండి.

అవ్వ ఇప్పటికీ అడుగుతుంది, "మన ఇల్లు చూపించు నాయనా" అని. వంటిల్లు చూపిస్తా.

"ఇది చూసినా కదా, దేవుని గూడేదీ?" అంటుంది.